చెరువు దాకా వెళ్ళని దారి: సాంతా క్రూజ్ కొండల్లో ఒక కేస్ స్టడీ

ఈ కేస్ స్టడీలో ప్రిజర్వ్ పేరు రాయడం లేదు. పేరు తెలిస్తే అక్కడి చెరువును ఫోన్‌లో వెతికి పట్టుకోవడానికి పది నిమిషాలు చాలు. ఆ చెరువు దగ్గరకు జనం వెళ్ళకుండా చూడడానికి మేం పడ్డ శ్రమే ఇక్కడ చెప్పబోయేది. స్థలం కాలిఫోర్నియాలో సిలికాన్ వ్యాలీకి పశ్చిమాన, సాంతా క్రూజ్ కొండల్లో ఉంది. ఒకప్పుడు అది పశువుల రాంచ్. ఒక పబ్లిక్ సంస్థ కొని ఓపెన్ స్పేస్ ప్రిజర్వ్‌గా మార్చింది. జనం నడిచే ట్రెయిల్ ఎక్కడ వేయాలో తేల్చిన చిన్న బృందంలో వన్యప్రాణుల సంగతి చూసే పని నాది.

ఓపెన్ స్పేస్ ప్రిజర్వ్ అంటే ఊళ్ళో పార్కు లాంటిది కాదు. ఆటస్థలాలు, దీపాలు, కోసిన పచ్చిక ఉండవు. కొండను కొండగా ఉంచి, కొంత మేర నడవడానికి దారి ఇస్తారు, అంతే. ఈ ప్రాంతంలో ఈ పద్ధతికి పెద్ద ఉదాహరణ మిడ్‌పెనిన్సులా రీజనల్ ఓపెన్ స్పేస్ డిస్ట్రిక్ట్. 1972లో ఓటర్లు ఓటేసి దాన్ని ఏర్పాటు చేసుకున్నారు. ఇప్పుడు దాని చేతిలో 60 వేల ఎకరాలకు పైగా భూమి, దాదాపు 250 మైళ్ళ ట్రెయిళ్ళు ఉన్నాయి. 2014లో ఓటర్లు దానికి మళ్ళీ 300 మిలియన్ డాలర్ల బాండు, అంటే పన్నులతో తీర్చే అప్పు, మంజూరు చేశారు. ఇలాంటి సంస్థల మీద రెండు బాధ్యతలు ఉంటాయి. భూమినీ జీవజాతులనూ కాపాడాలి, ప్రకృతికి హాని లేని మేరకు జనాన్ని లోపలికి రానివ్వాలి. డబ్బు జనానిది కనుక, గేటు తాళం వేసి ఉంచితే "మా పన్నులతో కొన్న కొండలోకి మమ్మల్నే రానివ్వరా?" అని అడుగుతారు. అలా అడగడంలో తప్పేమీ లేదు. నేనూ ఆ పన్ను కడుతున్నదాన్నే.

మొదటి ప్లాన్ చాలా సహేతుకంగా కనిపించింది. రాంచ్ రోజుల్లో పికప్ ట్రక్కులు తిరిగిన మట్టిరోడ్డు ఒకటి అప్పటికే ఉంది. గేటు దగ్గర మొదలై, వాగు ఉన్న లోయలోంచి పోయి, చెరువు పక్కన తిరిగి, గడ్డి ఉన్న శిఖరం ఎక్కి, అవతలి వైపు నుంచి మళ్ళీ గేటు దగ్గరికి వస్తుంది. నడిచేవాళ్ళకు నచ్చే లూప్ అది. ఉన్న రోడ్డే కాబట్టి కొండను కొత్తగా తవ్వక్కర్లేదు, చెట్లు కొట్టక్కర్లేదు, ఖర్చు తక్కువ. పర్యావరణ సమీక్ష కూడా తేలిగ్గా అవుతుందని అందరం అనుకున్నాం. ఆ రోజు మీటింగులో నేనూ సరేనన్నాను. ఆ తర్వాత దాన్ని మార్చడానికి పట్టిన కాలం, పోయిన నమ్మకం చూస్తే, ఆ ఒక్క 'సరే' ఎంత ఖరీదైనదో నాకు అర్థమైంది.

పశువుల్ని పెంచేవాడికి నీళ్ళు కావాలి. అందుకే రాంచ్ రోడ్డు ఎప్పుడూ వాగు వెంటే పోతుంది, చెరువు దగ్గర ఆగుతుంది. అడవి జంతువుకూ కావలసింది ఆ నీళ్ళే, ఆ నీడే, ఎక్కువ ఎత్తు ఎక్కకుండా కొండ దాటే ఆ మలుపే. అంటే పాత రాంచ్ రోడ్డును ట్రెయిల్‌గా వాడితే, మొత్తం భూమిలో జంతువులు ఎక్కువగా ఆధారపడే ఆ సన్నని పట్టీ మీదే మనుషుల్ని నడిపించినట్టు అవుతుంది. మట్టికీ చెట్లకూ హాని తక్కువ, నిజమే. జంతువులకు మాత్రం అంతకంటే చెడ్డ గీత గీయడం కష్టం. ఈ ఒక్క విషయం నాకు ముందే తట్టి ఉంటే ఈ కేసు ఇంత పొడవు అయ్యేది కాదు.

ఇది నాకు కెమెరాలు చూశాకే తట్టింది. భూమి ఇంకా జనానికి తెరవక ముందు, లోయలోనూ శిఖరం మీదా చెరువు చుట్టూ కెమెరా ట్రాపులు, అంటే జంతువు కదిలితే తమంతట తామే ఫొటో తీసే కెమెరాలు, కట్టాం. ఏడాదికి పైగా నడిపాం. శిఖరం మీద గడ్డిలో కొయోటీలు (చిన్న తోడేలు లాంటివి), జింకలు, అప్పుడప్పుడూ నేల తవ్వే బ్యాడ్జర్ ఒకటి కనిపించేవి. లోయలో మాత్రం అన్నీ కనిపించేవి: బాబ్‌క్యాట్ అనే పొట్టి తోక అడవి పిల్లి, గ్రే ఫాక్స్ అనే నక్క, జింకల గుంపులు, ఒక ఆడ ప్యూమా (మౌంటెన్ లయన్ అని పిలిచే పెద్ద పిల్లి). కొన్ని నెలల తర్వాత అదే ప్యూమా వెనకాల రెండు పిల్లలు. వాగుకు నీడ ఉన్న వైపు ఉడ్‌రాట్ల ఇళ్ళు వరసగా ఉన్నాయి. ఉడ్‌రాట్ అనేది కర్రపుల్లలు పోగేసి ఇల్లు కట్టుకునే ఎలుక. ఒక్కో కుప్ప మన నడుము ఎత్తు దాకా ఉంటుంది. తల్లి కట్టింది పిల్లకు, అక్కడి నుంచి దాని పిల్లకు, అలా ఏళ్ళ తరబడి వాడుకుంటాయి. ఇక్కడి ఉపజాతి కాలిఫోర్నియాలో ప్రత్యేకంగా గమనించాల్సిన జాతుల జాబితాలో ఉంది.

నన్ను ఎక్కువగా కలవరపెట్టింది వేరే. మేం సర్వే కోసం లోయలోకి వెళ్ళిన రోజుల్ని కెమెరా బొమ్మల పక్కన పెట్టి చూస్తే, ఆ సాయంత్రం జింకలు ఆలస్యంగా వచ్చేవి. వెళ్ళింది ఇద్దరమే. మెల్లగా మాట్లాడుకుంటూ వెళ్ళాం. జనం ఇంకా రానే లేదు.

ఇక్కడ కొంచెం సైన్స్ చెప్పాలి, ఎందుకంటే తర్వాతి మీటింగుల్లో వాదన మొత్తం దీని చుట్టూనే నడిచింది. సాంతా క్రూజ్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీ పరిశోధకులు ఇదే కొండల్లో ప్యూమాల మీద ఏళ్ళుగా పని చేస్తున్నారు. 2017లో వాళ్ళు ప్రచురించిన ఒక ప్రయోగం గురించి చెబితే నమ్మలేనట్టు చూస్తారు. ప్యూమా చంపిన జింక దగ్గర స్పీకర్ పెట్టి, అది తినడానికి వచ్చినప్పుడు ఒకసారి మనుషుల మాటలు, ఇంకోసారి కప్పల అరుపులు వినిపించారు. మనిషి గొంతు విన్నప్పుడు 83 శాతం సందర్భాల్లో ప్యూమా పారిపోయింది. కప్పల అరుపులకు దాదాపు కదల్లేదు. మనిషి గొంతు విన్న ప్యూమాలు ఆ జింకను తినడానికి వెచ్చించిన సమయం సగానికి పడిపోయింది. అంతకు ముందు 2015లో అదే బృందం మరో సంగతి చూపించింది. ఇళ్ళు ఎక్కువగా ఉన్న చోట తిరిగే ఆడ ప్యూమాలు, ఇళ్ళు తక్కువ ఉన్న చోటి వాటికంటే 36 శాతం ఎక్కువ జింకల్ని చంపుతున్నాయి. తినడం మధ్యలో వదిలేసి పోవాల్సి వస్తే మళ్ళీ వేటాడాలి కదా. పిల్లలతో ఉన్న తల్లికి అది ఎంత భారమో ఊహించుకోవచ్చు.

మొదటి పబ్లిక్ మీటింగుకు హాలు నిండిపోయింది. కాలిఫోర్నియాలో బ్రౌన్ యాక్ట్ ప్రకారం ఇలాంటి సంస్థను నడిపే బోర్డు నిర్ణయాలు జనం ముందే జరగాలి, అజెండా 72 గంటల ముందు పెట్టాలి. ఆ చట్టం మా పనిని నెమ్మది చేస్తుంది. అయినా నాకది ఇష్టమే, ఎందుకంటే ఎదురుగా కూర్చున్న మనిషి బాధ వినకుండా గీసిన గీతను తర్వాత ఎవరూ గౌరవించరు. ఆ సాయంత్రం గుర్రాలవాళ్ళు వచ్చారు, మౌంటెన్ బైకర్లు వచ్చారు, కుక్కలున్నవాళ్ళు, పక్క స్థలాలవాళ్ళు, చక్రాల కుర్చీలో ఒకావిడ. లోయ ట్రెయిల్ మీద మాకు అనుమానాలు ఉన్నాయని చెప్పగానే ఒకాయన లేచి, "మేం చెట్లు నరకం, వేటాడం, చెత్త వేయం. ఊరికే నడిచిపోతే ఏం పోతుంది?" అన్నాడు.

చాలామంది మనసులో ఉన్న ప్రశ్న అది. దానికి సూటిగా జవాబిచ్చే అధ్యయనం ఒకటి 2008లో వచ్చింది, అదీ ఇక్కడికి దూరం కాని ఉత్తర కాలిఫోర్నియా మీదే. రీడ్, మెరెన్‌లెండర్ అనే ఇద్దరు పరిశోధకులు 28 రక్షిత స్థలాల్ని తీసుకుని, జనం నడిచే చోట్లనూ జనాన్ని రానివ్వని చోట్లనూ పోల్చి చూశారు. నడక లాంటి నిశ్శబ్దమైన వాడకం ఉన్న చోట కూడా, బాబ్‌క్యాట్, కొయోటీ లాంటి మాంసాహారుల సాంద్రత ఐదో వంతుకు పడిపోయింది. తుపాకీ లేదు, రంపం లేదు, నడక మాత్రమే. ఇది చెప్పినప్పుడు హాలు కాసేపు నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దాన్ని మా గెలుపుగా చూడకూడదని నాకు నేను చెప్పుకున్నాను. వచ్చినవాళ్ళంతా ఆ కొండను ప్రేమించేవాళ్ళే. వాళ్ళ ప్రేమ వల్లే హాని జరుగుతుందని చెబితే ఎవరికైనా మనసు గాయపడుతుంది.

ఇంకో మాట తరచుగా వచ్చింది: జంతువులు రాత్రి తిరుగుతాయి, మనం పగలు తిరుగుతాం, గొడవేముంది అని. కొంత నిజం ఉంది. కానీ వాటిలో చాలా జాతులు మన వల్లే రాత్రికి మారుతున్నాయి. 2018లో సైన్స్ పత్రికలో వచ్చిన విశ్లేషణ 62 జాతుల క్షీరదాల మీద జరిగిన 76 అధ్యయనాల్ని కలిపి చూసింది. మనుషుల అలజడి ఉన్న చోట జంతువుల రాత్రి సంచారం సగటున 1.36 రెట్లు అయింది. పగలు మేయాల్సిన జింక రాత్రికి మారితే, రాత్రి వేటాడే ప్యూమాకు ఎదురుపడే సమయం పెరుగుతుంది. టైమ్ పంచుకోవడం అంటే వినడానికి బాగుంటుంది, కానీ ఆ పంపకంలో సర్దుకునేది ఎప్పుడూ ఒక పక్షమే.

సైకిళ్ళ విషయంలో నేను కొందరికి నచ్చని పని చేశాను. నడిచేవాళ్ళలో కొందరు, వన్యప్రాణుల పేరు చెప్పి సైకిళ్ళను ఆపమని నన్ను గట్టిగా కోరారు. అమెరికాలోని యూటా రాష్ట్రంలో, యాంటిలోప్ ఐలాండ్‌లో బైసన్ (అడవి దున్న లాంటిది), మ్యూల్ డియర్ (ఒక రకం జింక), ప్రాంగ్‌హార్న్ (లేడి లాంటిది) మీద 2003లో వచ్చిన అధ్యయనం, నడిచేవాళ్ళకూ సైకిలు తొక్కేవాళ్ళకూ ఈ జంతువుల స్పందనలో పెద్ద తేడా కనపడలేదని తేల్చింది. సైకిలు మీద మనిషి ఒక గంటలో ఎక్కువ దూరం పోతాడు, ఆ మేరకు ఎక్కువ జంతువుల్ని కదిలిస్తాడు, అది వేరే లెక్క. ఇరుకు దారిలో సైకిలు గుద్దుకుంటుందన్న భయం నిజమైనదే, కానీ అది మనుషుల భద్రత సమస్య. దాన్ని జంతువుల మీదికి నెట్టడానికి నేను ఒప్పుకోలేదు. అలా ఒకసారి చేస్తే, తర్వాత నిజంగా జంతువుల కోసం చెప్పిన మాటను కూడా ఎవరూ నమ్మరు.

అదే అధ్యయనంలో నాకు బాగా ఉపయోగపడిన విషయం మరొకటి ఉంది. దారి వదిలి నడిచే మనిషికి 100 మీటర్ల దూరంలో ఉన్న మ్యూల్ డియర్ పారిపోయే అవకాశం 96 శాతం. దారి మీదే ఉన్నవాళ్ళ విషయంలో జంతువులు పారిపోయే అవకాశం దాదాపు 70 శాతం. మనుషుల్ని అడిగితే మాత్రం, జంతువుకు హాని లేకుండా అంతకంటే ఎంతో దగ్గరికి వెళ్ళొచ్చనే చెప్పారు. దారి మీద ఉండే మనిషి ఎక్కడ కనిపిస్తాడో జంతువు నేర్చుకోగలదు. దారి దిగినవాడు ఎటు వస్తాడో దానికి తెలియదు. అందుకే ఒక అడ్డదారి పుట్టడం, ఇంకో మైలు ట్రెయిల్ వేయడం కంటే కూడా చెడ్డది కావచ్చని నా అభిప్రాయం.

కుక్కల సంగతి దాచకుండా చెప్పాల్సి వచ్చింది. కొలరాడోలోని బౌల్డర్ దగ్గర జరిగిన అధ్యయనంలో, కుక్కల్ని అనుమతించిన ట్రెయిళ్ళకు 100 మీటర్ల లోపల జింకల సంచారం తగ్గింది. సిడ్నీ దగ్గర అడవిలో తాడు కట్టిన కుక్కల్ని నడిపిస్తేనే పక్షి జాతుల వైవిధ్యం 35 శాతం, పక్షుల సంఖ్య 41 శాతం తగ్గాయి. కుక్క ఎంత మంచిదైనా జింక ముక్కుకు అది వేటాడే జంతువే. పార్కింగ్‌కు దగ్గరి కింది భాగంలో తాడుతో కుక్కలకు అనుమతి ఇచ్చి, పైన వద్దన్నాం.

ఇక చెరువు. పశువుల కోసం కట్ట వేసి చేసిన చెరువు అది. ఇప్పుడు కాలిఫోర్నియా ఎర్రకాళ్ళ కప్పకు ఇల్లు. 1996 నుంచి ఫెడరల్ చట్టం కింద ముప్పున్న జాతిగా రక్షణలో ఉన్న ఈ కప్పను 2014లో రాష్ట్ర ఉభయచర జీవిగా ప్రకటించారు. వానాకాలంలో, అంటే ఇక్కడ నవంబరు నుంచి ఏప్రిల్ దాకా, నీళ్ళలో నిలబడ్డ తుంగకు అంటించినట్టు గుడ్ల ముద్దలు పెడుతుంది. తోకకప్పలు జులై నుంచి సెప్టెంబరు మధ్య కప్పలవుతాయి. నీళ్ళలోకి దూకిన ఒక్క కుక్క ఆ తుంగనంతా తొక్కేయగలదు.

అప్పుడు బోర్డులో ఒక రాజీ సూచన వచ్చింది: వానాకాలంలో చెరువు దారి మూసేసి, ఎండాకాలంలో తెరుద్దాం. సీజన్ గేటు మంచి పద్ధతే. ఇక్కడికి దక్షిణాన పినకిల్స్ నేషనల్ పార్కులో గబ్బిలాలు పిల్లల్ని పెంచే వారాల్లో బేర్ గల్చ్ గుహను మూసేస్తారు, కొండ అంచుల మీద ఫాల్కన్లు (ఒక రకం డేగలు) గూళ్ళు పెట్టే నెలల్లో ఆ రాళ్ళు ఎక్కవద్దని కోరతారు. అక్కడ అది పని చేస్తుంది. ఒక చోటు, ఒక జాతి, ఒక కాలం. మా చెరువు అలా కాదు. వానాకాలం కప్ప గుడ్లది. వేసవి మొదట్లో తోకకప్పలది. వేసవి చివర్లో వాగు ఎండిపోయాక, చుట్టుపక్కల తాగడానికి మిగిలేది ఆ చెరువు నీళ్ళే, అప్పుడది జింకదీ ప్యూమాదీ బాబ్‌క్యాట్‌దీ. ఏ నెల తెరిచినా ఎవరో ఒకరి నెల అవుతుంది. కెమెరా బొమ్మల్ని నెలల వారీగా గోడ మీద అంటించి చూపించాం. దాంతో ఆ సూచన ఆగింది. నేను చెప్పిన మాటలకంటే ఆ గోడే ఎక్కువ పని చేసింది.

చివరికి వేసిన దారి లూప్ కాదు. గేటు నుంచి లోయ వదిలి, ఎండ తగిలే పొదల వాలు మీదుగా కొత్తగా తవ్వి, శిఖరం ఎక్కించి, సముద్రం కనిపించే చోట ఆపాం. వెళ్ళిన దారినే తిరిగి రావాలి. లోయలోని మట్టిరోడ్డును లోతుగా దున్ని, గట్టిపడిన నేలను వదులు చేసి, నరికిన కొమ్మలు పరిచి, మొక్కలు నాటాం. లోయ, చెరువు, వాటి మధ్య ఉన్న ఓక్ చెట్ల వాలు అంతా కలిపి ఒకే పెద్ద ముక్కగా మిగిలింది. చెదురుమదురుగా నాలుగు చిన్న ముక్కలు కాపాడడం కంటే దారి ఏదీ చీల్చని ఒక్క పెద్ద ముక్క ఉంచడం మేలని నా నమ్మకం. పార్కింగ్ దగ్గర మాత్రం వాలు 5 శాతం దాటకుండా, గట్టి నేలతో, మధ్యమధ్య కూర్చోవడానికి బెంచీలతో ఒక చిన్న దారి వేశాం. మీటింగుకు చక్రాల కుర్చీలో వచ్చినావిడ గీయించిన దారి అది, ఆవిడ సూచించిన చోటే మలుపు పెట్టాం. బడ్జెట్ బిగించినప్పుడు ముందు తీసేద్దామన్నది దీన్నే, నేను గట్టిగా పట్టుబట్టింది కూడా దీని కోసమే. జనానికి లోయ ఇవ్వలేనప్పుడు, ఇవ్వగలిగిన చోటన్నా అందరూ వచ్చేలా చేయాలి కదా.

పిక్నిక్ టేబుళ్ళు పెట్టలేదు. ఇదే కొండల్లోని బిగ్ బేసిన్ స్టేట్ పార్కులో మార్బుల్డ్ మరెలెట్ అనే సముద్రపక్షి పాత రెడ్‌వుడ్ చెట్ల కొమ్మల మీద గూడు పెడుతుంది. జనం రాల్చిన తిండి ముక్కలకు స్టెల్లర్స్ జే, రేవెన్ పక్షులు పెరిగాయి, అవి మరెలెట్ గుడ్లు, పిల్లలు తినేస్తాయి. అందుకే అక్కడ ఒక్క ముక్క కూడా వదలవద్దని ప్రచారం చేస్తున్నారు. మా దగ్గర మరెలెట్ లేదు, కానీ గూళ్ళు కట్టే పక్షులు మాకూ ఉన్నాయి.

తెరిచిన మొదటి వేసవిలోనే దెబ్బ తగిలింది. శిఖరం మీద ఒక బెంచీ పెట్టాం. అక్కడి నుంచి కింద దూరంగా చెరువు కనిపించేది. చూడనన్నా ఇద్దాం అని నేనే ఆ చోటు ఎంచాను. బెంచీకీ చెరువుకూ మధ్య నున్నటి గడ్డి వాలు. ఎవరో దిగారు. వాళ్ళ కాళ్ళ కింద గడ్డి పడుకుంది. తర్వాత వచ్చినవాళ్ళకు అది దారిలా కనిపించింది. ఆగస్టుకల్లా మట్టి తేలిన అడ్డదారి ఒకటి తయారైంది. అక్కడ దిగవద్దని హెచ్చరిక బోర్డు పెట్టాం, పని చేయలేదు. తాడు కట్టాం, దాటారు. ఆ దిగినవాళ్ళలో ఒక్కరికైనా చెడు ఉద్దేశం ఉందని నేను అనుకోను. మంచి నీళ్ళు కనిపిస్తే మనిషి కాళ్ళు అటే పోతాయి, అదే మట్టిరోడ్డు కథ మళ్ళీ. బెంచీని గుట్ట అవతలి వైపుకు, సముద్రం వైపుకు మార్చాం. అడ్డదారి మొదట్లో కొయోటీ బ్రష్ పొదలు నాటి, కొట్టిన కొమ్మలు అడ్డం వేశాం. చెరువు కంటికి కనపడకుండా పోయాక నడకలు తగ్గాయి. రెండు వానాకాలాలు పోయాక గడ్డి తిరిగి లేచింది.

ఫోన్ యాప్‌లది ఇంకో తలనొప్పి. దున్నేసిన రాంచ్ రోడ్డు మ్యాపుల్లో ఇంకా ట్రెయిల్‌గానే కనిపించేది. మొదట ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో, అంటే ఎవరైనా మార్చగలిగే ఉచిత ఆన్‌లైన్ మ్యాపులో, ఆ గీతను తీసేయబోయాం. అక్కడి అనుభవజ్ఞులు ఆపారు. తీసేస్తే, శాటిలైట్ ఫొటోలో పాత గుర్తు చూసి ఇంకెవరో మంచి మనసుతోనే మళ్ళీ గీస్తారు. గీతను ఉంచి, వాడుకలో లేదని, ప్రవేశం నిషేధమని గుర్తు పెట్టడమే మేలు అన్నారు. అలాగే చేశాం. ఆ డేటా వాడే యాప్‌లలో కొంత కాలానికి మార్పు కనిపించింది. ఇలాంటి స్థలం చూసుకునే ఏ సంస్థలోనైనా, తెరిచే రోజుకు ముందే ఒకరికి ఈ పని అప్పగించాలి.

రాత్రుళ్ళు మాత్రం మా తప్పు మాకే ఎదురైంది. సూర్యాస్తమయం తర్వాత అరగంటకు ప్రిజర్వ్ మూసేస్తాం కనుక, వాన రాత్రుల్లో కప్పలు దాటే తడి నేల మీద ఎవరూ ఉండరు అనుకున్నాం. కానీ మా వాహనాలే తిరుగుతున్నాయి, గేట్లు వేయడానికి, కూలిన చెట్లు చూడడానికి. ఇదే కొండల్లోని లెక్సింగ్టన్ రిజర్వాయరు పక్కన ఆల్మా బ్రిడ్జ్ రోడ్డు మీద, నీళ్ళకూ అడవికీ మధ్య దాటే న్యూట్‌లు ఒక్కో వానాకాలంలో వేల సంఖ్యలో చక్రాల కింద పడి చనిపోతున్నాయని వాలంటీర్లు లెక్కపెట్టి చూపించారు. తోక ఉండే చిన్న ఉభయచరాలు అవి, నిమిషాల తరబడి పాకుతూ రోడ్డు దాటుతాయి. ఆ లెక్క తెలిసి కూడా మా సొంత వాహనాల గురించి మేం ఆలోచించలేదు. ఇప్పుడు వాన పడే రాత్రి అత్యవసరమైతే తప్ప బండి పైకి పోదు, గేటు నడిచి వెళ్ళి వేస్తారు.

ఒక ఆదివారం ట్రెయిల్ మొదట్లో నిలబడి వచ్చేవాళ్ళతో మాట్లాడుతుంటే ఒక పెద్దాయన, ఆయన కొడుకు వచ్చారు. నేను తెలుగు అని తెలిసి పెద్దాయన, "అమ్మా, చెరువుందని మావాడు చెప్పాడు, ఇటు దారి లేదేమిటి?" అని అడిగారు. కప్పల సంగతి, పిల్లల్ని వెంటేసుకున్న ప్యూమా సంగతి చెప్పాను. మేం అక్కడ ఇప్పటికీ కొన్ని పశువుల్ని మేతకు వదులుతాం. ఆయన కాసేపు ఆలోచించి, "మరి మమ్మల్ని రానివ్వకుండా పశువుల్ని ఎందుకు తిప్పుతున్నారు?" అన్నారు. న్యాయమైన ప్రశ్న. "పశువులు మేయకపోతే చెరువు తుంగతో పూడిపోతుంది అంకుల్, కప్పకు తెరిచిన నీళ్ళు కూడా కావాలి. ఎన్నింటిని, ఎన్నాళ్ళు వదలాలో లెక్క ఉంటుంది" అన్నాను. "నా వయసుకు పైదాకా ఎక్కలేను. నీళ్ళ పక్కన కూర్చుందామని వచ్చాను తల్లీ" అన్నారాయన. కింది దారిలో బెంచీ దాకా తీసుకెళ్ళి కూర్చోబెట్టాను. వాగు అక్కడికి కనపడదు, వానాకాలంలో వినపడుతుంది. అది జూన్, ఇక్కడ ఎండాకాలం. ఆయనకు నేను ఇవ్వలేకపోయినది ఏమిటో నాకు తెలుసు. అందుకే ఈ పనిలో జనం కోల్పోయేదాన్ని చిన్నది చేసి మాట్లాడేవాళ్ళతో నేను ఏకీభవించను.

ఫలితాల మాట. లోయ కెమెరాల్లో జింకలు, బాబ్‌క్యాట్‌లు తెరవక ముందు లాగే పగలు కూడా కనిపిస్తున్నాయి. శిఖరం మీద, కొత్త ట్రెయిల్ పక్కన, పగటి జింకలు బాగా తగ్గాయి, అవి రాత్రికి జరిగాయి. అంటే దారి పడిన చోట నష్టం జరిగింది, జరుగుతుందని తెలిసే వేశాం, దాన్ని శిఖరం దాకానే ఆపగలిగాం. ఆడ ప్యూమా ఇంకా లోయ వాడుతోంది, ఒకసారి పట్టపగలు నింపాదిగా నడిచి వెళ్ళింది. చెరువులో ప్రతి వానాకాలం గుడ్ల ముద్దలు కనిపిస్తున్నాయి. వాటి సంఖ్య వానను బట్టి పెరిగి తగ్గుతుంది కనుక అది మా ఘనత అని రిపోర్టులో రాయనివ్వలేదు.

ఇప్పుడు పక్క స్థలం కూడా అమ్మకానికి వచ్చి ప్రిజర్వ్‌లో కలిసింది. బే ఏరియా రిడ్జ్ ట్రెయిల్ అని శాన్ ఫ్రాన్సిస్కో బే (అఖాతం) చుట్టూ కొండల మీదుగా 550 మైళ్ళు కలపాలన్న పెద్ద ప్రయత్నం ఒకటుంది, 400 మైళ్ళకు పైగా ఇప్పటికే తెరిచారు. అలా కొండలన్నీ కలిపే దారి మా ప్రిజర్వ్‌కు కూడా తగలాలని నడిచేవాళ్ళు అడుగుతున్నారు. నాకూ ఆ ఆలోచన నచ్చుతుంది. వాళ్ళు గీసి తెచ్చిన గీత మాత్రం మా లోయ తలభాగాన్ని దాటుతుంది, అక్కడ కూడా పాత రాంచ్ రోడ్డే ఉంది. ఈసారి నేను సరేనలేదు. ట్రెయిల్ గీత గీయక ముందు, దారి వేయకూడని ముక్కను మొదట మ్యాప్ మీద గీయాలని, దానికి రెండు వానాకాలాలూ రెండు ఎండాకాలాలూ కెమెరాలు పెట్టాలని రాసిచ్చాను. గీతను కౌంటీ రోడ్డుకు దగ్గరగా, ఇప్పటికే శబ్దం ఉన్న వాలు మీదికి జరిపి చూడమని అడిగాను. దూరం పెరుగుతుంది, ఖర్చు కూడా పెరుగుతుంది, ఆ రెండూ అదే కాగితంలో రాశాను. బోర్డు కెమెరాలకు ఒప్పుకుంది. పోయిన నెలలో కట్టి వచ్చాం. బ్యాటరీలు మార్చడానికి మూడు నెలలకు ఒక్కసారే, మధ్యాహ్నం పూట, ఒక్కరమే వెళ్తాం.